బెంగళూరు అద్దె, కడప ఎండ: ఇల్లు మార్చే ముందు వేయాల్సిన లెక్క

ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది అరగంటే. డ్యూటీ బస్సులో వింటే అంకెలు గుర్తుండవు, రాసి పెట్టు అని చాలామంది అడిగారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ట్రాన్స్‌క్రిప్ట్‌లో లేనివి కూడా కొన్ని కలిపినా.

విషయం ఇదీ. మనలో చానామంది కుటుంబాలు బెంగళూరులో ఉన్నాయి. కడప, రాయచోటి, రాజంపేట, మదనపల్లె వైపు నుంచి కువైట్ వచ్చినోళ్ళు పిల్లల చదువు కోసమని భార్యాపిల్లల్ని మారతహళ్ళిలోనో, కేఆర్ పురంలోనో, వైట్‌ఫీల్డ్ పక్కనో అద్దెకి పెట్టుకున్నారు. మనం ఇక్కడికి తెచ్చుకోలేం. ఫ్యామిలీ వీసాకి నెలకి 800 దీనార్ల జీతం చూపించాలి. సూపర్‌వైజర్‌కే అంత రావడం కష్టం, ఇక మేస్త్రీలకి, డ్రైవర్లకి, ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి యాడొస్తుంది? కాబట్టి మనం అల్ రాయ్‌లో, వాళ్ళు బెంగళూరులో.

ఇప్పుడేమో బెంగళూరు అద్దెలు చూస్తే గుండె జారుతోంది. ప్రతి పదకొండు నెలలకి అగ్రిమెంటు, ప్రతిసారీ పెంపు. అందుకని రూముల్లో రాత్రి పూట ఒకటే మాట: "కడపకో తిరుపతికో మార్చేద్దాం. ఎండ ఉంటే ఉండనీ, ఇల్లు సగం ధరకి వస్తుంది." చల్లటి, ఖరీదైన ఊరు వదిలి వేడి, చవక ఊరికి పోవడం అన్నమాట. మా ఇంట్లో కూడా ఇదే మాట నడుస్తోంది. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు బెంగళూరులో ఉన్నారు, పెద్దోడు ఏడో తరగతి. మేము చూస్తున్నది కడప. మా సొంతూరు రాజంపేట పక్కన, అందుకే కడప.

ముందే చెప్పేస్తా. ఇది ఒక ఏడాది లాభనష్టం చూసి చేసే పని కాదు, నాలుగేళ్ళ నిర్ణయం. ఎందుకో వరసగా చెప్తా.

అద్దె తగ్గితే అంతా మిగులు కాదు

దీనికి మన కువైట్‌లోనే ఉదాహరణ ఉంది. ఫర్వానియాలో, ఖైతాన్‌లో బెడ్ స్పేస్ ఎక్కువని కొందరు మహబూలాకి మారతారు. పని మాత్రం అల్ రాయ్‌లోనో షువైఖ్‌లోనో. రూము అద్దెలో మిగిలింది బస్సుకి, షేరింగ్ కారుకి పోతుంది, పైగా పొద్దున గంట, సాయంత్రం గంట నిద్ర పోతుంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఫర్వానియాలోనే కనిపిస్తారు. అద్దె మనం చేతితో కట్టే డబ్బు కాబట్టి కనపడుతుంది. మిగతావి కొంచెం కొంచెంగా జారిపోతాయి కాబట్టి కనపడవు.

సైటులో కూడా అంతే కదా. బ్లాకు ధర తక్కువని తెస్తే, ప్లాస్టరింగ్‌లో సిమెంటు ఎక్కువ తాగుతుంది. మొత్తం గోడకి ఎంత పడిందో చూడాలి గానీ ఒక్క బ్లాకుకి ఎంత అని చూస్తే లాభం లేదు.

ఎండ ఎవరు భరించాలి?

మన మగవాళ్ళు అందరూ అనే మాట ఒకటుంది: "కోయిట్‌లో యాభై చూసినాం, కడపలో నలభై రెండు ఒక లెక్కా?"

నిజమే, ఇక్కడి ఎండ మామూలుది కాదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి ఒప్పుకుంది. అందుకే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. అది కూడా గుర్తుపెట్టుకోండి: ఎండ ఎక్కువైతే పని ఆపాలని ఈ దేశం చట్టం చేసుకుంది.

ఇంకోటి. ఆ యాభై డిగ్రీలు మనం సైటులో చూస్తాం, రూములో చూడం. రూములో ఏసీ ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది. కరెంటు బిల్లు మనకి తెలియదు, ఎక్కువచోట్ల అద్దెలోనే కలిసిపోతుంది. ఇక్కడ అద్దె ఫ్లాట్లకి ప్రభుత్వం యూనిట్‌కి తీసుకునేది 5 ఫిల్సే. వెయ్యి యూనిట్లు కాల్చినా 5 దీనార్లు. అదే వెయ్యి యూనిట్లు కడపలో కాలిస్తే ఏమవుతుందో కింద చూద్దాం.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. కడప 140 మీటర్లు కూడా లేదు. తేడా అంతా అక్కడే. బెంగళూరులో ఏప్రిల్‌లో పగటి వేడి మామూలుగా 34 దగ్గర ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో ఒకరోజు 39.2 వస్తే ఊరంతా గగ్గోలు పెట్టింది. కడపలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం వార్తే కాదు. రాత్రుళ్ళు ఇంకా ముఖ్యం. బెంగళూరులో పొద్దుగూకితే గాలి చల్లబడుతుంది, ఫ్యాను చాలు. కడపలో మే నెల రాత్రి పదింటికి కూడా గోడ వేడిగానే ఉంటుంది.

ఆ గోడ పక్కన పడుకునేది మనం కాదు. మనం ఏడాదికో రెండేళ్ళకో నెల రోజులు పోతాం. గ్యాసు స్టవ్ ముందు నిలబడేది, మధ్యాహ్నం పిల్లని స్కూలు నుంచి తెచ్చేది, కరెంటు పోతే విసనకర్రతో కూర్చునేది ఆడవాళ్ళు. కాబట్టి "ఎండ ఒక లెక్కా" అనే మాట చెప్పే హక్కు మనకి తక్కువ. ఈ నిర్ణయంలో మొదటి ఓటు వాళ్ళది.

కరెంటు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లకి రూ. 1.90, 31 నుంచి 75 దాకా రూ. 3, 76 నుంచి 125 దాకా రూ. 4.50, 126 నుంచి 225 దాకా రూ. 6, 226 నుంచి 400 దాకా రూ. 8.75, ఆ పైన రూ. 9.75. దీని మీద సర్దుబాటు చార్జీలు, ఫిక్సెడ్ చార్జీలు వేరే.

నెలకి 120 యూనిట్లు వాడే ఇల్లు అనుకోండి. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మిక్సీ. బిల్లు 395 రూపాయల దగ్గర. ఇప్పుడు ఒక బెడ్‌రూముకి ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టి రాత్రి ఎనిమిది గంటలు వేస్తే రోజుకి సుమారు పది యూనిట్లు, నెలకి 300. మొత్తం 420 యూనిట్లు. బిల్లు 2,740 దాటుతుంది. వాడకం మూడున్నర రెట్లు పెరిగితే బిల్లు ఏడు రెట్లు పెరిగింది చూడండి. మెట్ల రేటు అంటే అదే. ఇక ఇక్కడి అలవాటుతో ఏసీలు పగలూ రాత్రీ వేసి వెయ్యి యూనిట్లు కాలిస్తే 8,400 దాకా వస్తుంది.

బెంగళూరులో దీనికి ఎదురు ఇంకోటి ఉంది. 2023లో కర్ణాటక ప్రభుత్వం గృహజ్యోతి తెచ్చింది. ఇంటి సగటు వాడకం మీద పది శాతం కలిపి, 200 యూనిట్లు దాటకుండా ఉంటే బిల్లు సున్నా. అద్దెకి ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. మా ఇంట్లో బిల్లు సున్నానే వస్తోంది. కడపకి మారిన రోజు ఆ సున్నా పోతుంది.

ఏడాది మొత్తానికి వేస్తే: ఏప్రిల్, మే, జూన్ నిండుగా ఏసీ, మార్చి, జూలై సగం, మిగతా ఏడు నెలలు ఏసీ లేకుండా. 13,800 దగ్గర వస్తుంది. పై చార్జీలు కలిపి 15,000 అనుకుందాం.

ఇంకో చిన్న మాట. కడప ఎండ పొడి ఎండ కాబట్టి ఎయిర్ కూలర్ బాగానే పనిచేస్తుంది, నీళ్ళుంటే. నెల్లూరు వైపో రాజమండ్రి వైపో పోతే గాలిలో తేమ ఎక్కువ, కూలర్ పెడితే జిడ్డు తప్ప చల్లదనం రాదు. ఏ ఊరికి పోతున్నారో దాన్ని బట్టి కొనండి.

మా ఇంటి లెక్క

ఇవి మా ఇంటి అంకెలు, గుండ్రంగా వేసినవి. మీ అంకెలు వేరేగా ఉంటాయి. పద్ధతి చూడండి చాలు.

బెంగళూరు అద్దె 18,000. కడపలో అంతే ఇల్లు 9,000. నెలకి 9,000 మిగులు, ఏడాదికి 1,08,000. ఇక్కడిదాకా అందరూ వేస్తారు. ఇక్కడే ఆపేస్తారు.

అందులోంచి కరెంటు 15,000 తీసేయండి.

తర్వాతది నాకు కూడా తట్టలేదు, మా ఆవిడ ఫోన్‌లో చెప్తే పెన్ను తీసుకున్నా. ఆమె ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. అపార్ట్‌మెంట్లలో పదేళ్ళుగా తెలిసినవాళ్ళు, నోటి మాట మీద వచ్చే ఆర్డర్లు. ఖర్చులు పోను నెలకి 6,000 చేతికొస్తుంది. కడపకి పోతే మొదటి ఏడాది అది సున్నా అనుకోవాలి. కొత్త ఊర్లో పేరు రావాలి, పైగా కుట్టు కూలి కూడా అక్కడ తక్కువ. అంటే ఏడాదికి 72,000.

1,08,000లో 15,000, 72,000 తీస్తే మిగిలింది 21,000.

ఇక ఒక్కసారి ఖర్చులు. సామాన్ల లారీ, దించే కూలి 28,000. ఏసీ 40,000. ఇన్వర్టర్, బ్యాటరీ 22,000. కొత్త స్కూలు అడ్మిషన్, యూనిఫాం, పుస్తకాలు 20,000. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది 18,000. మొత్తం 1,28,000.

మొదటి ఏడాది చివరికి లక్షా ఏడు వేలు లోటు. రెండో ఏడాది నుంచి ఆమెకి సగం ఆర్డర్లు వచ్చినా ఏడాదికి 57,000 మిగులు. అంటే రెండో ఏడాది చివరికి లోటు 50,000. మూడో ఏడాది చివరికి 7,000 మిగులు. మూడేళ్ళకి సమానమైంది, అంతే. నాలుగో ఏడాది నుంచే నిజమైన లాభం.

రెండేళ్ళు ఉండి చూద్దాం, నచ్చకపోతే మళ్ళీ బెంగళూరు వద్దాం అనుకునేవాళ్ళకి ఈ మార్పు కచ్చితంగా నష్టం. మూడేళ్ళు దాటి ఉంటామన్న నమ్మకం ఉంటేనే లారీ పిలవాలి.

స్కూలు ఫీజు ఎందుకు వేయలేదని అడగొచ్చు. హైస్కూలు ఫీజు కడపలో కొంచెం తక్కువే. ఇంటర్‌కి వచ్చేసరికి కార్పొరేట్ కాలేజీ హాస్టల్ అంటే ఆ తక్కువ కాస్తా అక్కడికి పోతుంది. అందుకే సమానం అని వదిలేశా.

అమెరికాలో ఉన్న మనవాళ్ళది కూడా ఇదే కథ అంట. కాలిఫోర్నియాలో ఇల్లు కొనలేక టెక్సాస్‌కి, డాలస్ పక్కన ఫ్రిస్కో వైపు, పోయినోళ్ళు చాలామంది. అక్కడ ఎండ ఎక్కువ, ఇల్లు చవక. రాష్ట్రం ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కానీ ఇంటి విలువ మీద ప్రతి ఏడాదీ కట్టే ఆస్తి పన్ను కాలిఫోర్నియా రేటు కన్నా బాగా ఎక్కువ, ఎండాకాలం ఏసీ బిల్లు వేరే. పెద్ద జీతాలవాళ్ళు కూడా కాగితం పెట్టి ఈ లెక్కే వేస్తున్నారు. మనం వేయకపోతే ఎట్లా?

పిల్లల చదువు: తొమ్మిదో తరగతి గీత

ఇది అన్నిటికన్నా పెద్దది. దీన్ని చానామంది పట్టించుకోరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, మెడికల్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకి. రాజ్యాంగంలోని 371డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇది నడుస్తుంది. లోకల్ అంటే ఆధార్‌లో అడ్రస్ కాదు, నాయన పుట్టిన ఊరూ కాదు. పిల్లాడు చదివిన చోటు. ముఖ్యమైన నిబంధన: ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసేటట్టు వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. నాలుగు.

కడప ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచి అక్కడ చదివితే పిల్లాడు అక్కడ లోకల్. పదో తరగతికి తీసుకొస్తే మూడేళ్ళే అవుతుంది. లెక్క తప్పింది. మిగతా 15 శాతం సీట్లకి తల్లి గానీ తండ్రి గానీ పదేళ్ళు రాష్ట్రంలో ఉన్నారని చూపించే దారి ఉంది. కానీ ఆ 15 శాతంలో లోకల్ పిల్లలు కూడా పోటీ పడతారు. ఇరుకు దారి అది.

కర్ణాటకలో సీఈటీకి ముఖ్యమైన నిబంధన వేరే: ఒకటో తరగతి నుంచి పీయూసీ లోపల కనీసం ఏడేళ్ళు అక్కడ చదవాలి, పదో తరగతి గానీ రెండో పీయూసీ గానీ అక్కడే పాసవ్వాలి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఊర్లో ఎనిమిదో తరగతి దాకా చదివి, తొమ్మిదికి బెంగళూరు పోయి, పదికి మళ్ళీ కడప వచ్చిన పిల్లాడు ఉన్నాడనుకోండి. కర్ణాటకలో ఏడేళ్ళు లేవు, ఆంధ్రలో వరస నాలుగేళ్ళు లేవు. రెండు రాష్ట్రాల్లోనూ బయటివాడిలా నిలబడే ప్రమాదం ఉంది. అటు ఇటు ఊళ్ళు మార్చేది మనం, లైన్లో వెనక్కి పోయేది వాడు.

కాబట్టి మారితే తొమ్మిదో తరగతి మొదలయ్యే లోపు మారాలి. అది దాటితే ఇంటర్ అయ్యేదాకా బెంగళూరులోనే ఉంచాలి. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదువుకోండి, చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. స్టడీ సర్టిఫికెట్లు ప్రతి తరగతికీ తీసి పెట్టుకోండి. టీసీ ఒక్కటి చాలదు.

చూశారా, డబ్బు లెక్క మూడేళ్ళు దాటి ఉండాలంది, చదువు లెక్క నాలుగేళ్ళు ఉండాలంది. రెండూ ఒకే మాట చెప్తున్నాయి. మొదట్లో నాలుగేళ్ళ నిర్ణయం అన్నది ఇందుకే.

ఇంకో విషయం భాష. బెంగళూరులో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయలేరు. మా పెద్దోడికి కన్నడ, ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగులో గుణింతాలు కూడా రావు. స్టేట్ సిలబస్ బళ్ళో పదో తరగతికి తెలుగు పేపరు ఉంటుంది. తొమ్మిదికి చేర్చాలంటే ఏడు నుంచే ఇంట్లో రోజుకో పేజీ రాయించాలి. లేదంటే సీబీఎస్‌ఈ బడి చూసుకోవాలి, ఫీజు పెరుగుతుంది.

ఇల్లు ఎట్లా చూడాలి: సైటు మనిషి మాట

నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినా. ఇక్కడికి వచ్చాక ఎక్కువ నేర్చుకున్నది వేడిని ఆపడం గురించే. కువైట్‌లో 1983 నుంచే కట్టడాలకి ఇన్సులేషన్ తప్పనిసరి. మనలో ఎంతమంది ఆ పని చేతులారా చేశారో లెక్కలేదు. స్లాబ్ మీద ఫోమ్ కాంక్రీటు వాలు, దాని మీద వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్, దాని మీద గట్టి థర్మకోల్ లాంటి ఎక్స్‌పీఎస్ షీట్లు, మీద గుడ్డ, స్క్రీడు, టైల్సు. అరబ్బు ఇంటికి ఇన్ని పొరలు వేసి, సెలవుకి పోయి మన ఇంటికి మాత్రం ఉత్త స్లాబ్ పోసి వస్తాం. అడిగితే "మనకెందుకులే, ఖర్చు" అంటాం. ఆ ఖర్చు ప్రతి మే నెలలో కరెంటాఫీసుకి కడుతూనే ఉంటాం.

ఉత్త స్లాబ్ ఏం చేస్తుందంటే, పగలంతా ఎండని తాగుతుంది. ఆ వేడి లోపలికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఇల్లు మధ్యాహ్నం కన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువ ఉడుకుతుంది. మన పాతకాలం మట్టి మిద్దెలు చల్లగా ఉండేవి ఎందుకు? మందంగా మట్టి, లోపల వాసాలు, చిన్న కిటికీలు. వాళ్ళు చదువుకోకపోయినా ఎండ సంగతి తెలిసినోళ్ళు.

అద్దెకి చూసేటప్పుడు ఇవి చూడండి:

పై అంతస్తు వద్దు. అద్దె వెయ్యి తక్కువని ఆశపడొద్దు, ఏసీకి రెండింతలు పోతుంది.

ఇల్లు పొద్దున పూట చూడొద్దు. రాత్రి తొమ్మిదింటికి పోయి బెడ్‌రూములో పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టండి. వేడి తెలిస్తే ఆ ఇల్లు వదిలేయండి. బ్రోకరు ఏం చెప్పినా ఆ గోడ అబద్ధం చెప్పదు.

కిటికీలకి సజ్జ ఉందా, ఎదురెదురు కిటికీలు ఉన్నాయా చూడండి.

ఓనర్ ఒప్పుకుంటే మిద్దె మీద తెల్ల సున్నం గానీ కూలింగ్ పెయింట్ గానీ కొట్టించండి. ఇది చిట్కా వైద్యం కాదు, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీదే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

నీళ్ళ సంగతి ఓనర్‌ని అడగొద్దు, పక్కింటివాళ్ళని అడగండి. "మే నెలలో బోరు ఎన్ని గంటలు వస్తుంది? ట్యాంకర్ ఎంత?" అని అడగండి. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎంత అవస్థ పడ్డారో మన ఇళ్ళవాళ్ళకి తెలుసు. అక్కడి నుంచి తప్పించుకుని ఇంకో ట్యాంకర్ లైన్లోకి పోవడం ఎందుకు?

ఎండ అసలు పడదు అనుకునేవాళ్ళకి మధ్య దారి మదనపల్లె. 700 మీటర్ల దగ్గర ఎత్తు, కడప కన్నా చల్లన, బెంగళూరుకి 120 కిలోమీటర్ల దగ్గర. అద్దె బెంగళూరు అంత ఉండదు. ఆంధ్రలోనే ఉంటుంది కాబట్టి పిల్లల లోకల్ లెక్క కూడా నడుస్తుంది. కానీ నీళ్ళ సంగతి అక్కడ ఇంకా గట్టిగా అడగాలి. తిరుపతి అయితే చవక అనుకుని పోయేవాళ్ళు ముందు ధరలు కనుక్కోండి, కొన్ని ఏరియాల్లో బెంగళూరు శివార్లకి తీసిపోవు.

మొదటి ఏడాది స్థలం కొనొద్దు

మనం ఊరికి పోయేసరికి ప్లాటు బ్రోచర్లు పట్టుకుని బంధువులే ముందొస్తారు. మారిన మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఊరు పడిందో లేదో తెలియకముందే డబ్బు మట్టిలో పెడితే వెనక్కి రాలేరు. రిజిస్ట్రేషన్ ఖర్చే ఆంధ్రలో విలువ మీద ఏడున్నర శాతం. అమ్ముకుని పోయేటప్పుడు అది తిరిగి రాదు.

కొనాల్సి వస్తే మూడు మాటలు. ఒకటి, ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం మనం ఇల్లు, ఇంటి స్థలం, షాపు కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. ఫెమా చట్టం ఒప్పుకోదు. తాతల నుంచి వారసత్వంగా వస్తే అది వేరు. కన్వర్షన్ కాని పొలంలో గీతలు గీసి ప్లాటు అని అమ్మేవాళ్ళ దగ్గర జాగ్రత్త. రెండు, రాయలసీమలో డీకేటీ పట్టా భూములు ఎక్కువ. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన ఆ భూములు అమ్మడాన్ని, కొనడాన్ని 1977 చట్టం నిషేధించింది. వాటిలో కొన్నిటికి తర్వాత సడలింపులు వచ్చాయి, మీరు కొనేది అందులో ఉందా లేదా అన్నది లాయరు చెప్పాలి, బ్రోకరు కాదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఈసీ ముప్పై ఏళ్ళకి తీయించండి. మూడు, ఇక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికి మాత్రమే రాయించండి. ఎంబసీలో అటెస్టేషన్ అయ్యాక, ఇండియాకి చేరిన మూడు నెలల లోపు అక్కడ స్టాంపు వేయించాలి. అన్నదమ్ములే కదా అని అన్ని అధికారాలూ రాసివ్వొద్దు. ప్రేమ ఉండొచ్చు, కాగితం కాగితమే.

ముందు ఒక వేసవి ఉండి చూడండి

సైటులో ఏ మెటీరియల్ అయినా ముందు శాంపిల్ పెట్టి, కన్సల్టెంట్ సంతకం చేశాకే ఆర్డరు పెడతాం. ఇల్లు మార్చడం కూడా అట్లాగే చేయండి.

కర్ణాటకలో స్టేట్ సిలబస్ బళ్ళకి ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరిదాకా సెలవులు. ఆ ఆరేడు వారాలు కుటుంబాన్ని మీరు అనుకున్న ఊర్లో ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉంచండి. బంధువుల ఇంట్లో వద్దు, అక్కడ అసలు కష్టం తెలియదు. బెంగళూరు ఇల్లు ఖాళీ చేయొద్దు. ఖర్చు 25,000 అవుతుంది అనుకోండి, లక్షా ఇరవై ఎనిమిది వేల తప్పు కన్నా అది చవక. ఆ ఆరు వారాల్లో కరెంటు ఎన్నిసార్లు పోయింది, మీటర్ ఎన్ని యూనిట్లు తిరిగింది, నీళ్ళు ఎట్లా వచ్చాయి, పిల్లలు రాత్రి నిద్రపోయారా, ఆమెకి ఒక్క బ్లౌజు ఆర్డరైనా వచ్చిందా, ఇవి రాసి పెట్టుకోమనండి. డిసెంబరులో పోయి చూసి "బాగుంది" అనొద్దు. డిసెంబరులో అన్ని ఊళ్ళూ బాగుంటాయి.

మేమూ అదే చేస్తున్నాం. వచ్చే ఏప్రిల్‌లో మా ఆవిడ, పిల్లలు కడపలో ఆరు వారాలు ఉంటారు. పెద్దోడు ఏడు పూర్తి చేసి ఉంటాడు. ఎనిమిదో తరగతి బెంగళూరులోనే. ఆమె సరే అంటే వాడు తొమ్మిదికి వెళ్ళేలోపు మారతాం. కుదరదు అంటే ఇంటర్ అయ్యేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తేది లేదు, అద్దె ఎంత పెరిగినా ఇక్కడ నేను ఓవర్‌టైం చూసుకుంటా.

మీరు కూడా ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "కడపకి పోదామా?" అని అడగొద్దు, దానికి జవాబు "మీ ఇష్టం" అనే వస్తుంది. ఇట్లా అడగండి: "నెలకి నీ చేతికి వచ్చేది ఎంత? పోయిన నెల కరెంటు ఎన్ని యూనిట్లు? పిల్లోడు ఇప్పటిదాకా ఏ తరగతి ఎక్కడ చదివాడు?" ఈ మూడు రాసుకుంటే లెక్క సగం అయిపోయినట్టే.